గ్యాస్ మిషనుకు పెట్టిన బొట్లు

మా అన్నయ్యకు ఏ వస్తువునైనా అపురూపంగా చూసుకునే జబ్బు ఉండేది. జబ్బనే అంటాను, ఎవరేమనుకున్నా సరే.

ఎనభైల్లో రాజోలు దగ్గర కొబ్బరితోటలు కొట్టేసి గ్యాస్ కోసం బావి తవ్వుతున్నప్పుడు, అన్నయ్యకూ మా ఆయనకూ అక్కడే పని దొరికింది. బావి మూతి చుట్టూ నిలువెత్తు దాటిన సిమెంటు గొయ్యి ఉండేది. అందులోకి దిగి వాల్వులు బిగించడం మా ఆయన పని. ఆయన దిగేముందు గోతిలో గాలి మంచిదో కాదో చూసి చెప్పడం అన్నయ్య పని. అందుకోసం అతనికి చేత్తో పట్టుకునే మిషను ఒకటి ఇచ్చారు. గాలిలో ప్రాణవాయువు తగ్గినా, అంటుకునే గ్యాసున్నా, విషపు గ్యాసున్నా అది కూత పెట్టాలి. గాలి లోపలికి పోవడానికి దాని ముఖాన మూడు చిన్న జల్లెళ్లు, ఒక్కో గాలికి ఒకటి.

సేఫ్టీ ఆఫీసరుగారు నేర్పిన పాఠాన్ని అన్నయ్య మా అరుగు మీద కూర్చుని అప్పజెప్పేవాడు.

"బయట మంచిగాలిలో ఆన్ చెయ్యాలమ్మా. చిన్న సిలిండర్లో గ్యాసు చూపించి, కూస్తుందో లేదో చూసుకోవాలి. అప్పుడు తాడు కట్టి దింపి, పైనోసారి, మధ్యలో ఓసారి, అడుగునోసారి ఆపాలి. గాలి పొరలు పొరలుగా ఉంటుందంట."

అంతా వచ్చు. రానిదేం లేదు.

ఆ మిషనుకు మెత్తటి పాత పంచె చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టేవాడు. చెమట చెయ్యి తగలనిచ్చేవాడు కాదు. మా ఆయన ఊరుకునేవారా! "ఇంట్లో ఆవిడకి ఎప్పుడైనా ఇంత సోకు చేసేరా బావగారూ?" అని ఏడిపించేవారు. "ఇది మీ ప్రాణానికి కాపలా అండీ బావగారూ, ఆట కాదు," అనేవాడు అన్నయ్య.

దసరాకు సైటులో లారీలకూ పంపులకూ పూజ చేశారు. అన్నయ్య మిషనుకూ చేశాడు. మూడు జల్లెళ్లూ మూడు కళ్లలా కనబడ్డాయట. ఒక్కోదాని మీదా నిండుగా గంధం మెత్తి, మధ్యలో కుంకుమ పెట్టాడు. రాత్రికి ఆ గంధం ఎండి గట్టిపడింది.

మర్నాడు గోతిలో చేరిన వాననీళ్లు తోడించి, మా ఆయన్ని దిగమన్నారు. సిలిండరు పరీక్ష ఆ పొద్దున చెయ్యలేదు. నిన్ననే దణ్ణం పెట్టుకున్న మిషనుకు పరీక్షేమిటి అనుకున్నాడట మహానుభావుడు! తాడు కట్టి దింపాడు. పైన ఆపాడు, మధ్యలో ఆపాడు, అడుగున ఆపాడు. అది కిక్కురుమనలేదు.

"అమ్మవారి చలవ, గాలి బాగుంది. దిగండి బావగారూ," అన్నాడు.

"ఆయ్," అని మా ఆయన నిచ్చెన దిగారు. అడుగున కాలు పెట్టగానే మోకాళ్లు ముడుచుకుని కూలబడిపోయారు. అన్నయ్య దూకబోతే నలుగురు పట్టుకుని ఆపారు. మాస్కు పెట్టుకున్నవాడు వచ్చి పైకి తెచ్చేసరికే ఆలస్యమైపోయింది. అమలాపురం ఆసుపత్రి చేరకుండానే పోయారు. ఆ సాయంత్రం ఆఫీసరుగారు జల్లెళ్ల మీద గంధం తుడిపించి సిలిండరు చూపిస్తే, మిషను సైటంతా వినబడేలా అరిచిందట.

పెద్దకర్మ అయిన మర్నాడు అన్నయ్య ఒక్కడే వచ్చాడు. పీట వేసి అన్నం వడ్డించాను. కలుపుతూనే ఉన్నాడు, ముద్ద నోట పెట్టలేదు.

"నీవల్ల కాదన్నయ్యా అని ఒక్క మాట అనవే అమ్మా. అబద్ధమైనా సరే. తింటాను," అన్నాడు.

చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నన్ను భుజాన వేసుకుని వరదలో పాయ దాటినవాడు. అతనంటే నాకు ప్రాణం. అయినా కడుపు మండిపోతోంది. అనాలనే నోరు తెరిచాను. ఆ మాటకు బదులు మజ్జిగ గిన్నె ముందుకు జరిపాను. అన్నయ్య కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు.

ఆ తరవాత నా పిల్లల్ని అతనే చదివించాడు. వారం వారం వచ్చి అరుగు మీద కూర్చుని వెళ్లేవాడు. ఆ మాట మళ్లీ అడగలేదు. బతికినన్నాళ్లూ మా ఇంట మెతుకు ముట్టలేదు. తినమని నేనూ బతిమాలలేదు.