వేళ్లు లెక్కపెట్టే పెద్దమ్మ

మా పెద్దమ్మ ఎవరి వేళ్లనీ తాను స్వయంగా లెక్కపెట్టనిదే నమ్మదు. మనిషైనా, కప్పైనా, పార్కులో రాతిబొమ్మైనా ముందు వేళ్ల లెక్క తేలాలి, తరవాతే మాటలు. నేను పుట్టినప్పుడు నర్సు "పాప బంగారంలా ఉంది" అంటే, "బంగారం సంగతి సరే, ఇరవై ఉన్నాయా?" అని అడిగిందట. రెండుసార్లు లెక్కపెట్టి, అప్పటికీ అనుమానం తీరక నర్సు వేళ్లు కూడా లెక్కపెట్టిందట. మా ఆయన పెళ్లికి ముందు మొదటిసారి మా ఇంటికి చేతికి కట్టుతో వచ్చాడు. ఆ కట్టు విప్పేదాకా పెద్దమ్మ మా పెళ్లికి ఒప్పుకోలేదు.

ఇదంతా ఆవిడ చదువు తెచ్చిన తంటా. పరిశోధనశాలలో సాలమాండర్లను పెంచి, వాటికి ఏ వేలు ఎప్పుడు మొలుస్తుందో చూడటం ఆవిడ పని. సాలమాండర్ అంటే బల్లిలా కనిపించే కప్పల చుట్టం. కప్ప నుంచి మనిషిదాకా చెయ్యి తయారయ్యేటప్పుడు వేళ్లు చిటికెనవేలి వైపు నుంచి మొదలవుతాయి. ఈ సాలమాండర్ మాత్రం బొటనవేలి వైపు నుంచి మొదలెడుతుంది.

"ఎందుకలా?" అని అడిగాను, ఆవిడ దగ్గర ఉద్యోగంలో చేరిన కొత్తలో.

"ఏదో దాస్తోంది," అంది పెద్దమ్మ.

పోనీ అక్కడితో ఆగుతుందా అంటే, అదీ లేదు. "ముప్పై ఆరు కోట్ల ఏళ్ల కిందట నీళ్లలో తిరిగిన ఓ నాలుగుకాళ్ల జంతువుకి ఒక్కో చేతికి ఎనిమిదేసి వేళ్లుండేవి. మనకి ఐదే. మిగతా మూడూ ఏమైనట్టు?"

"అవసరం లేక పోయుంటాయి పెద్దమ్మా."

"నువ్వు చూశావా? కప్పకి ముందుకాలికి నాలుగే. అంటే ఇంకోటి కూడా పోయింది. మొదట్నించీ ఎవరో చేతివాటం చూపిస్తున్నారు."

సృష్టినే దొంగతనం కింద జమకట్టిన మనిషి మమ్మల్ని వదులుతుందా? ఈమధ్య మూణ్ణెల్లుగా కొత్త పిచ్చి పట్టుకుంది. పొద్దున్నే పరిశోధనశాల గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లందరికీ తన వేళ్లు చూపించి "ఎన్ని?" అని అడగటం. తుడిచే ఆవిడని అడిగింది. ఉత్తరాలిచ్చే అతన్ని అడిగింది. డైరెక్టర్‌ని కూడా అడిగింది. ఆయన తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

బాబాయికీ తప్పలేదు. బాబాయంటే మా చుట్టం కాదు, ముప్పై ఏళ్లుగా పరిశోధనశాలలో ఆ సాలమాండర్ పిల్లల్ని సాకుతున్న మనిషి, అందరూ అలాగే పిలుస్తారు. సాలమాండర్ పిల్లలు ఒకచోట ఉంటే ఒకదాని కాళ్లు ఒకటి కొరికేస్తాయి కాబట్టి ఒక్కోదాన్ని ఒక్కో గాజుగిన్నెలో ఉంచుతాడు. రోజూ వాటి వేళ్లు లెక్కపెట్టి రిజిస్టర్లో రాస్తాడు. ఇంటి దగ్గర ఎవరూ లేరు. ఆదివారం కూడా ఏదో వంక పెట్టుకుని వచ్చేస్తాడు.

ఓరోజు ఆరింటికే వెళ్లాను. పెద్దమ్మ ఒక్కతే బల్ల ముందు కూర్చుని, రబ్బరుతో రిజిస్టర్లో అంకెలు చెరుపుతోంది. లోకంలో ఎవర్నీ నమ్మని మనిషి దొంగలెక్కలు రాస్తోందా?

"ఏం చేస్తున్నావు పెద్దమ్మా?"

"నువ్వెందుకు వచ్చావు ఇంత పొద్దున్నే?"

ఇద్దరం కాసేపు ఒకర్నొకరు అనుమానంగా చూసుకున్నాం. చివరికి ఆవిడే భూతద్దం నా చేతికిచ్చి, పదిహేడో గిన్నె చూపించింది. బాబాయి ముందుకాలికి నాలుగు అని రాశాడు. అక్కడ మొలిచినవి రెండే. ఎదిగిన సాలమాండర్‌కి ముందుకాళ్లకి నాలుగేసి, వెనక్కాళ్లకి ఐదేసి ఉంటాయి కాబట్టి, కనబడకపోయినా అలవాటు కొద్దీ నాలుగు రాసేశాడు.

"కళ్లు మసకేశాయే ఆయనకి. చెబితే ఒప్పుకోడు. గట్టిగా అంటే సిగ్గుపడి మానేస్తాడు. డైరెక్టర్‌కి తెలిస్తే ఆయనే మాన్పిస్తాడు."

"అందుకని రోజూ వచ్చి దిద్దుతున్నావా?"

"మళ్లీ మొత్తం లెక్కపెట్టి దిద్దుతున్నాను."

"మరి గుమ్మం దగ్గర మా అందరికీ ఆ పరీక్షేంటి?"

"ఆయన్నొక్కణ్ణే అడిగితే బాగుంటుందా?"

నాకు ఆవిణ్ణి అప్పటికప్పుడు కావలించుకోవాలనిపించింది. వేళ్లు లెక్కపెడుతుందని ఊరుకున్నాను.

వారం తిరక్కుండా డైరెక్టర్ తనిఖీకి వచ్చాడు. రిజిస్టర్లో చెరిపిన మరకలు చూసి, "బాబాయ్, ఈ గిన్నెలో దానికెన్ని వేళ్లో నా ఎదురుగా లెక్కపెట్టు," అన్నాడు. బాబాయి గిన్నె అందుకున్నాడు. కంటికి ఆనించుకుని చూశాడు, మళ్లీ దూరంగా పట్టుకుని చూశాడు.

"ఆగండి," అంది పెద్దమ్మ గది అవతలి చివర నుంచి, తన వేళ్లు పైకెత్తి. "ఆయన సరిగ్గా చెప్పాడో లేదో చూడాల్సింది మీరు. నాకు మీ కళ్ల మీదే అనుమానంగా ఉంది. ఎన్ని?"

"నాలుగు," అన్నాడు డైరెక్టర్ విసుగ్గా.

"మూడు," అంది పెద్దమ్మ, చెయ్యి ఇంకా పైకెత్తి చూపిస్తూ.

నేను ఆవిడ వెనకే ఉన్నాను. ఆయన చెప్పేటప్పటికి నాలుగే ఉన్నాయి. తరవాతే ఒకటి ముడిచింది. డైరెక్టర్ కళ్లు నులుముకున్నాడు. ఇలాంటి చోట అందరి చూపూ పరీక్ష చేయించాల్సిందేనని పెద్దమ్మ పట్టుబట్టింది. మర్నాడు తుడిచే ఆవిడ దగ్గర్నించి డైరెక్టర్ దాకా అందరం కళ్లాసుపత్రి ముందు వరసగా నిలబడ్డాం. డైరెక్టర్‌కి అద్దాలు రాశారు. బాబాయికి శుక్లాలని తేల్చి, ఆపరేషన్ చేశారు. అందరితో పాటే కాబట్టి ఆయనకి అవమానమనిపించలేదు.

రెండు నెలల తరవాత బాబాయి మళ్లీ గిన్నెల ముందు కూర్చున్నాడు. ఒక్కోదాన్నీ వెలుతురులోకి ఎత్తి చూస్తూ, పదిహేడో గిన్నె దగ్గర ఆగాడు.

"మేడమ్, వెనక్కాలికి నాలుగని రాశారు. ఐదోది మొలుస్తోంది."

"నిన్న నేనే చూశాను బాబాయ్. నాలుగే."

"ఐదండీ. సన్నగా, మొలకలా ఉంది."

పెద్దమ్మ భూతద్దం మీద చెయ్యి వేసింది. ఒక్క క్షణం ఆగి చెయ్యి తీసేసి, రిజిస్టర్లో ఐదు అని రాసింది. గిన్నె వైపు చూడను కూడా లేదు.

నేను మాత్రం వాళ్లిద్దరూ భోజనానికి వెళ్లాక భూతద్దం పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను. ఐదే.