సాకులు చెప్పి కొన్న ఇల్లు

వేలంపాటలో మన పాట మీద ఇంకొకడు పాడితే మనం పెంచుతాం. అది లోకరీతి. పోటీకి పురుగైనా లేకుండా, నా పాట మీద నేనే పాడుకుంటూ పోయి ఒక ఇల్లు కొన్న తెలివైనవాణ్ణి నేను. హిందూపురంలో ఆ ఇంట్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను కాబట్టి కాదనడానికీ వీల్లేదు.

తప్పు సగం నాది, సగం మా నాయన అంగడిది. ధర్మవరంలో మాది పట్టుచీరల అంగడి. గల్లాపెట్టె పైన 'ఒకే మాట, ఒకే ధర' అని పలక వేలాడేది. ఎవరైనా బేరానికి నోరు తెరిస్తే మా నాయన పలక్కుండా పలక వైపు వేలు చూపించేవాడు. అలా బేరమన్నది చెవిన పడకుండానే పెరిగాను. మా ఊరి పేరులో ధర్మమూ ఉంది, వరమూ ఉంది. ధర తగ్గించే విద్య మాత్రం నాకెవరూ వరమియ్యలేదు.

తొంభైల నడుమ ఉద్యోగం మీద హిందూపురం చేరాం. అద్దె ఇళ్ళు మారి మారి విసిగిపోయి చివరికి ఒక ఇల్లు చూశాం. ఆసామి చింతపండు వ్యాపారి. ఆయన పండు అమ్ముకుని చింత నాకిచ్చాడు. మూడు లక్షలు చెప్పాడు. ఇల్లు బాగానే ఉంది. పెరట్లో స్నానాల గదికి నాలుగు గోడలున్నాయి, తలుపుంది, లోపల తొట్టి కూడా ఉంది. కప్పు లేదు. తల పైకెత్తితే పక్కింటి మిద్దె, మిద్దె మీద ఆరేసిన వడియాలు, వడియాలకు కాపలాగా ఒక ముసలాయన.

నా భార్య ముసలాయన్ను చూసింది. ముసలాయన మర్యాదగా కాకులను చూశాడు.

"బేరంలో ఎంత తగ్గిస్తావో తగ్గించు. ఆ దుడ్లతో ముందు దీనికి కప్పు పడాల. లేకుంటే ఈ ఇంట్లో నేను నీళ్ళు పోసుకునేది లేదు" అంది.

ఇక ఎంతకు అడగాలన్నదే మా ఇంటి ప్రశ్న. నా లెక్కలో రెండు లక్షల తొంభై వేలకు అడగడమే పెద్ద సాహసం. అంతకన్నా తగ్గిస్తే ఆసామి మనసు కష్టపడుతుందేమో. నా భార్య ఇది విని, ఇది తన చేతిలో పని కాదని నన్ను పుట్టింటికి తీసుకుపోయింది. పెనుకొండలో ఆమె తమ్ముడు గొర్రెలు కొని అమ్ముతాడు.

"ఇల్లయితేనేమి, పొట్టేలయితేనేమి బావా! ముందు పళ్ళు చూడాల, తర్వాత మూతి ముడవాల" అన్నాడు.

"ఇంటికి పళ్ళు యాడుంటాయప్పా?"

"గోడలు, కిటికీలు, గడపలు. యాడ పుచ్చుంటే ఆడ వేలు పెట్టు. రెండుకు మొదలు పెట్టు."

"రెండా! తరుముకుంటాడేమో."

"తరుముకుంటే ఇంకో పది చేర్చు. ఎంత తరిమినా రెండుంబావు దాటొద్దు బావా."

రెండుంబావు దాటొద్దు బావా, రెండుంబావు దాటొద్దు బావా అని బస్సులో హిందూపురం దాకా జపం చేస్తూ వచ్చాను. ప్రాసకైతే లోటు లేదు.

బేరం రోజున నా భార్య తిన్నగా పెరట్లోకి పోయింది, కప్పుకు కొలతలు తీసుకోవడానికి. ముందు గదిలో నేను, ఆసామి, ఆయన తల్లి మిగిలాం. వాళ్ళు ఇంట్లో కన్నడం మాట్లాడతారు. నాకు కన్నడం రాదు. ఆసామి నాతో తెలుగే మాట్లాడతాడు కాబట్టి అదొక ఇబ్బంది అనుకోలేదు.

కళ్ళు మూసుకుని "రెండు" అన్నాను.

వక్కలు కత్తిరిస్తున్న ఆసామి చెయ్యి ఆగింది. "రెండా? ఏముండాదప్పా అంత తక్కువ?"

"పడమటి గోడ నెర్రె ఇచ్చింది. స్నానాల గదికి కప్పు లేదు."

అవ్వ నా ముఖంలోకి జాలిగా చూసి, కొడుకు వైపు తిరిగి "సాకు బిడో" అంది.

నాకు తెలిసిన తెలుగులో సాకంటే ఒకటే, వంక. నేను చూపిన నెర్రె, నా భార్య చూపిన ఆకాశం, రెండూ కుంటిసాకులని తేల్చేసింది ముసలావిడ. ముఖం కందిపోయింది నాకు. పెద్దామె చేత అబద్ధాలకోరు అనిపించుకోవడం కన్నా పదివేలు పోతే పోనీ అనిపించింది.

"సాకు కాదవ్వా, నిజమే చెప్తాండా. రెండూ పది."

"సాకు, సాకు!" అంది అవ్వ, ఈసారి రెండు మాట్లు.

రెండూ సాకులేనట! నేను కిటికీకి పట్టిన చెదలు చూపించి రెండుంబావు చేశాను. అవ్వ గొంతు పెంచింది. నేను ధర పెంచాను. ఆమె "సాకు కణో!" అని కొడుకు మోకాలి మీద కొట్టింది. ఆమెకు అంత కోపం తెప్పించినందుకు నొచ్చుకుని రెండున్నర చేశాను. ఆసామి మాత్రం ఉలకడు, పలకడు. ఒకసారి నన్ను చూస్తాడు, ఒకసారి తల్లిని, తర్వాత వక్కను. దవడ దగ్గర ఏదో కదులుతోంది. కోపమనుకున్నాను. నవ్వు ఆపుకుంటున్నాడు.

రెండుంముప్పావు దగ్గర అవ్వ నుదురు కొట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సాకు అనేవాళ్ళు లేకపోయేసరికి నేనూ ఆగాను.

"సరేలేప్పా, నీ మాట యాల తీసెయ్యల్ల" అని ఆసామి నాకు ఆకూ వక్కా ఇచ్చాడు.

వీధిలోకి రాగానే నా భార్య అడిగింది. "ఎంతకు తెగింది?"

చెప్పాను. అవ్వ గయ్యాళిదనీ, ఏం చెప్పినా సాకు సాకు అని కొట్టిపారేసిందనీ కూడా చెప్పాను. ఆమె నడిరోడ్డు మీద నిలబడిపోయింది.

"సామీ! సాకంటే కన్నడంలో చాలని! చాలు చాలు, ఇచ్చేయరా అని ఆయమ్మ కొడుకును కొట్టుకుంటా ఉంటే, నువ్వు పెంచుతా పోతివా?"

నేను వెనక్కి తిరిగి ఆసామి గడప వైపు చూశాను.

"మాట్లాడవేం? పో, ఆకూ వక్కా వాపసిచ్చి రా."

"నోట్లో ఉండాది" అన్నాను.

అది నిజం. ఉమ్మేసినా లాభం లేదు, కళ్ళ ముందు మా నాయన పలక వేలాడుతోంది. ఒకే మాట.

పెనుకొండ నుంచి బావమరిది వచ్చి ఇల్లంతా చూసి, "పొట్టేలన్నా తాడు లాగితే నిలుస్తాది బావా" అని మాత్రం అన్నాడు.

కప్పు దుడ్లు అలా ఆసామికి చేరాయి. తగ్గిన ఆ పాతికవేలనూ రిజిస్ట్రేషను ఖర్చులు మింగాయి. నా భార్య ధర్మవరం నుంచి ఒక పట్టుచీర తెప్పించింది, నేతలో అంచు కలవక అంగడిలో ఏళ్ళ తరబడి పడి ఉన్నది. నాలుగు గోడల మీద దాన్ని లాగి కట్టింది. జరీ కప్పు కింద నీళ్ళు పోసుకునే సంసారం హిందూపురంలో మాదొక్కటే. మా సీమలో వానలు పడవు కాబట్టి చీర చాలా ఏళ్ళు మన్నింది. "అంచు కలర్ చానా బాగుండాది" అని పక్కింటి ముసలాయన కూడా మెచ్చుకున్నాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు ఆ గదికి నిజమైన స్లాబు పడింది. నా భార్య దానికి మామిడాకులు కట్టి, పదిమందిని పిలిచి స్నానగృహప్రవేశం చేసింది. ఆసామినీ అవ్వనూ పిలవాల్సిందేనని పట్టుబట్టింది. ఇద్దరూ వచ్చారు. విస్తరి ముందు కూర్చున్న ఆసామి పాత సంగతి తానే ఎత్తాడు.

"మాయమ్మ సాకన్నప్పుడల్లా నువ్వు పెంచుతాండావు. నేనేం జేసేదప్పా? నోరు తెరిస్తే నవ్వొస్తాదని మూసుకుంటి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఓళిగల బుట్ట అందుకున్నాను, బొబ్బట్లను మా వైపు అలాగే అంటాం. అవ్వ విస్తట్లో ఒకటి వేశాను. ఆమె సాకనగానే ఆగాను. ఆసామి విస్తట్లో రెండు వేశాను, నెయ్యి పోశాను.

"సాకప్పా" అన్నాడు.

"సాకులు చెప్పొద్దన్నా" అని ఇంకోటి వేశాను.

"సాకు, సాకు!"

"రెండు సాకులా?" అని రెండు వేశాను.

"ఇన్నూ హాకప్పా" అంది అవ్వ, నవ్వుతో ఊగిపోతూ. ఇంకా వెయ్యమని. ఆ మాత్రం కన్నడం అప్పటికి నాకూ వచ్చింది.

ఆసామి ఇక లాభం లేదని విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఇప్పటికి కప్పు పడిందన్నా" అని, ఆ చేతుల మీదే ఇంకో ఓళిగ పెట్టి, నెయ్యి పోశాను.