మిరపకాయ పరీక్ష

మా పాపకి రెండేళ్లు దాటేసరికి ఒంట్లో బలం లేదు గానీ నోట్లో మాత్రం ఊరికి సరిపడా ఉంది. దానికొచ్చిన నాలుగు మాటల్లోనూ అన్నిటికన్నా ఇష్టమైనది 'పో'. నాయనమ్మ అన్నం పెట్టబోతే పో, వాళ్ల నాన్న ఎత్తుకోబోతే పో. మా తమ్ముడు మేనమామ గనక వాడికి రెండుసార్లు. వాడూ తక్కువ తినలేదు. చీరాలలో చీరల కొట్లో పని వాడికి, వచ్చినప్పుడల్లా దాన్ని మిరపకాయల బస్తాలో వేసి కుట్టి గుంటూరు యార్డులో అమ్మేస్తానని ఉడికించేవాడు.

ఆ ఏడు మా మిరపకాయలు కళ్లంలో ఆరబోసి ఉండగా, ఇది ఎవరూ చూడకుండా ఒక కాయ నోట్లో పెట్టుకుని కసుక్కున కొరికింది. ఏడ్చి ఏడ్చి పెదాలు నీలంగా మారిపోయాయి. కారానికి ఎర్రబడాల్సిన మూతి నీలమవడమేంటని ఆస్పత్రికి పరుగెత్తితే, గుండెలో చిల్లుందని తేలింది.

విజయవాడలో పెద్ద డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. చిల్లు మూసేటప్పుడు గుండెని కాసేపు ఆపి, దాని పని మిషన్‌తో చేయిస్తారట. ఆ సమయంలో మెదడుకి రక్తం అందడంలో తేడా వచ్చినా, చిన్న రక్తపుగడ్డ అటు వెళ్లినా, కొందరు పిల్లల్లో మాటా నడకా జ్ఞాపకమూ దెబ్బతినొచ్చట. అసలు ఇలాంటి పిల్లల్లో కొందరికి ఆపరేషన్‌కి ముందునుంచే మెదడుకి అందాల్సినంత ఆక్సిజన్ అందదట. చాలామంది బాగానే ఉంటారు, మా జాగ్రత్తలో మేముంటాం, ఇంటికెళ్లాక మీరు కనిపెట్టుకుని ఉండండి అన్నారు. మా ఆయన ప్రతి మాటకీ తలూపాడు. బయటికొచ్చాక, గుండెకి చేస్తూ మెదడు సంగతి చెప్తారేంటని నన్నడిగాడు. లోపల ఊపిన తలకాయ ఎవరిదని నేనడిగాను.

ఆపరేషన్ బాగా జరిగింది. పెదాలకి రంగొచ్చింది. కానీ ఇంటికి తెచ్చుకున్న పాప నోరు విప్పలేదు. పెడితే తింటుంది, పిలిస్తే వస్తుంది, ఎవరెత్తుకున్నా చంకలో ఒదిగిపోతుంది. చూడవచ్చినవాళ్లంతా ఎంత బుద్ధిమంతురాలైందోనని మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. బుద్ధిమంతురాలు ఎవరిక్కావాలి? నా గయ్యాళి నాకు కావాలి. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ఆస్పత్రి భయానికి కొందరు పిల్లలు కొన్నాళ్లు అలా ఉంటారు, మళ్లీ చూపించడానికి తీసుకురండి, ఈలోగా కనిపెట్టుకుని ఉండండి అన్నారు.

కనిపెట్టడమంటే మావాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. మా వైపు ఎవరి కళ్లం పక్కనుంచి నడిచినా ఒక కాయ తీసి, చెవి దగ్గర గలగలలాడించి, పుటుక్కున విరిచి, వాసన చూసి, తీర్పు చెప్పకుండా పోరు. మా అత్తయ్య నోటి పుణ్యాన డాక్టరుగారి మాట వీధంతా పాకింది. ఇక వచ్చినవాళ్లు వచ్చినట్టే పాప గడ్డం పట్టుకుని, వెలుతురువైపు తిప్పి, నీ ముక్కేదే, మీ నాన్నేడే అని అడిగేవాళ్లు. అది ఎదురింటి గోడకేసి చూసేది. ఎదురింటి పెద్దాయన అయితే దాన్ని ఆసాంతం పరిశీలించి, "పర్లేదమ్మాయ్, ఇంకో రెండు ఎండలు తగిలితే సరిపోద్ది" అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలో, ఆ మాట నమ్మాలో తెలియక కాఫీ ఇచ్చి పంపాను.

అందర్లోకీ గట్టి పరీక్ష మా అత్తయ్యది. పళ్లెంలో ఒక టమాటా, ఒక గరిటె, ఒక ఎండుమిరపకాయ పెట్టి, మిరపకాయేదో చూపించమనేది. పాప టమాటా ముట్టుకునేది. మళ్లీ అడిగితే గరిటె. మిరపకాయ జోలికి మాత్రం వెళ్లేది కాదు. మిరపకాయల ఇంట పుట్టి మిరపకాయనే గుర్తుపట్టకపోతే ఇంకేం మిగిలిందని అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకునేది. నేను పైకి విసుక్కునేదాన్ని. ఆవిడ అటు వెళ్లగానే పళ్లెం ముందుకు జరిపి నేనూ అదే అడిగేదాన్ని.

ఇంతలో చీరాలనుంచి మా తమ్ముడొచ్చాడు. యార్డు ఊసెత్తలేదు, ఉడికించలేదు, బొమ్మ కారు ఇచ్చి మూలన కూర్చున్నాడు. వాడలా కూర్చుంటే నాకు భయం ఎక్కువైంది. అత్తయ్య వాడికోసం పళ్లెం తెచ్చి మళ్లీ పరీక్ష పెట్టింది. టమాటా. గరిటె. వాడు చూడలేక, మిరపకాయ తనే తీసి దాని ముందు పెట్టి, ఒక్కసారి ముట్టుకోవే అని బతిమాలాడు.

పాప కాయని చూసింది, మామని చూసింది. రెండు వేళ్లతో తొడిమ మాత్రం పట్టుకుని, చెయ్యి బారచాపి, కాయని వాడి మూతి దగ్గర పెట్టింది.

"నువ్వు తిను," అంది.

వాడు తొడిమతో సహా తినేశాడు. వాడి కళ్లనీళ్లు కారానివో కావో నేనడగలేదు. అత్తయ్య అప్పుడు నెమ్మదిగా, "అప్పుడు కళ్లంలో కొరికింది గదే" అంది. మూడు పూటలా కారం తిని, కారం అమ్ముకుని బతికే ఇంట్లో, మిరపకాయంటే భయపడే మనిషి ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు. ఆపరేషన్‌కి ముందు నోరు కాలిన సంగతి అది మర్చిపోలేదు. మర్చిపోయింది మేం. నేను దొడ్లోకి వెళ్లి కరువుతీరా ఏడ్చాను.

మళ్లీ చూపించడానికి తీసుకెళ్లినప్పుడు డాక్టరుగారు ఇదంతా విని చాలాసేపు నవ్వారు. తర్వాత, ఇది మంచి గుర్తే గానీ ఇంతటితో అయిపోలేదని, కొన్ని తేడాలు బడికెళ్లాక గానీ బయటపడవని, అప్పటిదాకా కనిపెట్టుకునే ఉండాలని చెప్పారు. ఈసారి మా ఆయనతోపాటు నేనూ తలూపాను. మేం లేచేటప్పుడు డాక్టరుగారు పాప బుగ్గ పుణికి, మళ్లీ వస్తావా అనడిగారు.

"పో," అంది.

పెద్దవాళ్లని అలా అనొచ్చా అని అక్కడే దాని వీపు మీద చిన్నది ఒకటి వేసి, కారిడార్ పొడుగునా తిట్టుకుంటూ వచ్చాను. ఆపరేషన్ తర్వాత దాన్ని నేను తిట్టడం అదే మొదలు. తిడుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.