ఆగమని చెప్పే బాజా

ట్యూబా అంటే ఇప్పటి వాళ్లకు విడమర్చి చెప్పాలి. అదొక ఇత్తడి బాజా. మనిషి నడుముకూ భుజానికీ చుట్టుకుని, తల మీద గంగాళమంత నోరు తెరుచుకుని ఉంటుంది. నాంపల్లి పెళ్లి బ్యాండుల వాళ్లు దాన్ని పెద్ద బాజా అనేవారు. మా ఆయన ఊదింది అదే. నాకు పెళ్లయ్యేనాటికే ఆయన ఎడమ భుజం మీద దాని బరువుకు కాయ కాసి ఉండేది.

సంబంధం వచ్చినప్పుడు మా మేనత్త, "బ్యాండుల ఏం వాయిస్తడు పిలగాడు?" అని అడిగితే, "గా పెద్దది" అన్నారు. పక్కగదిలో నేను మురిసిపోయాను. పెద్దదంటే అందరికన్నా ముందు నడిచేదనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! తీరా చూస్తే ఆయన నడిచేది బ్యాండు నడిమధ్యన. పాట ఆయన దగ్గర లేనే లేదు. పాటంతా ముందున్న కార్నెట్లనే చిన్న బాకాల వాళ్లది, క్లారినెట్ వాళ్లది. ఈయనది ఉత్త భోం, భోం.

"గిదేంది, బర్రె గురక వెట్టినట్టు?" అని వెక్కిరించేదాన్ని.

"గా భోం లేకుంటె అందరి కాళ్లు తలో దిక్కు పోతయ్," అనేవాడు ఆయన, కోపం లేకుండా. ఆయనకు రావలసిన కోపం కూడా దేవుడు నాకే పెట్టాడని మా అత్త అనేది.

మేముండేది నాంపల్లి స్టేషను దగ్గర సందులో, మేడ మీద ఒక కిరాయి గది. నేను సుల్తాన్ బజార్ దుకాణాల చీరలకు ఫాల్స్ కుట్టేదాన్ని. సాయంత్రం అబిడ్స్ వైపు నుంచి పెళ్లి బారాత్ వస్తుంటే కార్నెట్లు మాకు వినిపించేవి కావు. బస్సులూ రిక్షాలూ ఆ పాటను దారిలోనే మింగేసేవి. పెద్ద బాజా మాత్రం వచ్చేది. చెవికంటే ముందు, కూర్చున్న చాప కింద నేలలో తెలిసేది. అది తెలియగానే సూది పక్కన పెట్టి బియ్యం కడిగేదాన్ని.

ఆ బ్యాండులో ఒక కట్టుబాటు ఉండేది. దవాఖాన ముందుకు వచ్చినా, నమాజు వేళ మసీదు ముందుకు వచ్చినా, ఎదురుగా శవం వచ్చినా వాయించకూడదు. బ్యాండు యజమాని, మేమంతా మాస్టర్ సాబ్ అనేవాళ్లం, ముందు నడుస్తూ చేయి ఎత్తేవాడు. కార్నెట్లు ఆగేవి. కానీ వెనకనున్న డ్రమ్ముల వాళ్లకు ఆ చేయి ఎలా కనబడుతుంది? మధ్యలో పెళ్లి జనం గంతులేస్తుంటారు. అందుకని మధ్యలో నడిచే మా ఆయన, పొడగరి కాబట్టి, ఆ చేయిని చూసి భోం భోం మానేసి ఒకే ఒక్క స్వరం పట్టేవాడు. అన్నిటికన్నా కిందిది, ఏ పాటలోనూ రానిది. ఊపిరి అయిపోయేదాకా దాన్ని వదిలేవాడు కాదు. దాంతో డ్రమ్ములు ఆగిపోయేవి.

"లగ్గపోళ్లకు మనం ఎంత జేసినా తక్కువే అంటరు," అనేవాడు. "సచ్చినోళ్లకు మనమిచ్చే మర్యాద మాత్రం గదొక్కటే. గది నా చేతుల ఉన్నది."

దగ్గు ఎప్పుడు మొదలైందో సరిగ్గా గుర్తులేదు, చలికాలమని మాత్రం గుర్తు. దుమ్మనుకున్నాం. ఒకరోజు చింతపండుతో బాజాను తోముతూ, ఆయన నోరు పెట్టి ఊదే ముక్కను నీళ్లలో వేశాను. నీళ్లు ఎర్రబడ్డాయి. చింతపండు రంగు నాకు తెలియదా? అది చింతపండు కాదు.

దవాఖానలో డాక్టరు ఛాతీ ఫోటో తీయించి, బాజా ముట్టుకుంటే ఇక తన దగ్గరికి రావద్దన్నాడు. ఆయనకు మందుల చీటీ కన్నా ఆ మాటే ఎక్కువ తగిలింది. మర్నాడే మాస్టర్ సాబ్ దగ్గరికి బయలుదేరాడు. ఒంటరిగా పంపితే మెత్తగా మాట్లాడి వస్తాడని నేనూ వెంట వెళ్లాను.

"ఊదొద్దన్నరు గనీ నేర్పొద్దనలె," అన్నాడు ఆయన. "ఎవరినన్న పంపు సాబ్. ఇంట్ల కూసొని నేర్పుత."

"నేర్వనికె ఏండ్లు వడ్తది. లగ్గాలు నెత్తి మీద ఉన్నయ్. నువ్వు ఫికర్ చెయ్యకు, నేను చూస్కుంట," అన్నాడు మాస్టర్ సాబ్.

చూసుకోవడమంటే ఏమిటో అక్కడే తెలిసింది. స్టేషనులో మూటలు మోసే ఒక హమాలీని అప్పటికే పిలిపించి, మా ఆయన ఎర్రకోటు తొడిగి ఉంచాడు. అన్ని బ్యాండుల్లోనూ ఇలాంటి వాళ్లుంటారు, డమ్మీలంటారు. కోటు వేసుకుని, బాజా పట్టుకుని, బుగ్గలు ఉబ్బించి నడుస్తారు, చప్పుడు మాత్రం చేయరు. బ్యాండు నిండుగా కనబడాలి కదా మరి! కానీ పెద్ద బాజాకు డమ్మీని పెట్టడం అప్పటిదాకా ఎవరూ ఎరగరు.

"గట్లెట్ల సాబ్? మరి ఆగుడెట్ల?" అన్నాడు మా ఆయన.

"విజిల్ ఉన్నది గద. జనం చూసేది మెరుపు, వినేది పాట. నీ భోం ఎవరికి గావాలె చెప్పు?"

నాకు ఒళ్లు మండింది. "గీయన ఇంతకాలం రకతం కక్కింది మీ మెరుపు కోసమా?" అన్నాను. మా ఆయన నా చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. మాస్టర్ సాబ్ చెడ్డవాడని నేననను. మా ఆయన మంచం పట్టాక బత్తాయిలు పంపాడు. కానీ ఆ బాజా ఏం పని చేస్తుందో జీవితమంతా దాని ముందు నడిచి కూడా ఆయనకు తెలియలేదు.

ఇంటికొచ్చి మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. "గా డ్రమ్ములోళ్లు ఆగరే," అన్నాడు.

"నువ్వేమైపోతవోనని నేను సస్తుంటె, నీకు గాళ్ల ఫికరా?" అని అరిచాను. ఏడుపొచ్చింది కూడా.

ఆ తరువాత కూడా బారాత్‌లు వెళ్తూనే ఉన్నాయి. చాప కింద ఏమీ లేదు. ఆయన నేలకు అరచేయి ఆనించి కూర్చునేవాడు. పెద్ద డ్రమ్ము వాయించే అతను ఎప్పుడైనా చూడటానికి వచ్చేవాడు. ఏళ్ల తరబడి ఆయన వెనకే నడిచినవాడు. అతన్ని కూడా వదల్లేదు ఈయన.

"శవం ముందట డ్రమ్ము గొట్టకున్రిరా. నువ్వన్న జర చూస్కో."

"పొట్ట మీద డ్రమ్ము వెట్టుకుంటె నా కాళ్లే నాకు కనవడయన్నా. ముందటున్న మాస్టర్ యాడ కనవడ్తడు? నీ బాజా చెప్తె ఆగుడే నాకెర్క."

ఎండలు ముదురుతుండగా ఊరి బయటి దవాఖానలో ఆయన పోయాడు. తెల్లవారుజామున పోయాడు. మేం ఇంటికి తెచ్చేసరికి పొద్దెక్కింది. బ్యాండు దుకాణానికి మనిషిని పంపాం. తాళం వేసి ఉంది, గౌలిగూడలో పెళ్లికి పొద్దున్నే వెళ్లారట. ఎండ తీవ్రం, శవాన్ని ఉంచడానికి లేదు. మధ్యాహ్నం పాడె ఎత్తారు. మా బావగారు నిప్పుకుండతో ముందు నడిచారు. మాలో ఆడవాళ్లు సందు చివరిదాకానే వెళ్తారు. నేను అక్కడిదాకా వెళ్లి, పెద్ద రోడ్డు మీద నిలబడ్డాను.

అప్పుడే అబిడ్స్ వైపు నుంచి పెళ్లి ఊరేగింపు వచ్చింది. ఎర్రకోట్లు చూడగానే మా బ్యాండేనని తెలిసింది.

ముందున్న మాస్టర్ సాబ్ నిప్పుకుండను చూశాడు. తరువాత నన్ను చూశాడు. చేయి ఎత్తాడు. కార్నెట్లు పాట మధ్యలో ఆగిపోయాయి. క్లారినెట్ వాయించే అతను టోపీ తీసేశాడు. వెనక డ్రమ్ములు మాత్రం ఆగలేదు. మాస్టర్ సాబ్ విజిల్ ఊదాడు. మళ్లీ మళ్లీ ఊదాడు. డ్రమ్ము మోతలో అది పక్కవాడికి కూడా వినిపించలేదు. కార్నెట్లు ఆగి డ్రమ్ములే మోగేసరికి, పెళ్లి కుర్రకారుకు ఇంకా హుషారెక్కింది. ఈలలు వేస్తూ గంతులు మొదలుపెట్టారు.

ఆ హమాలీ కూడా చేయిని చూశాడు. అతని మీద నాకు కోపం లేదు. అతను బాజాకు నోరు పెట్టి, మెడనరాలు ఉబ్బేలా ఊదాడు. గాలి వచ్చింది, తుస్సుమని. ఇంకోసారి ఊదాడు, మళ్లీ గాలే.

పాడె ఆగలేదు, ఆగకూడదు కూడా. మోసేవాళ్ల కాళ్లు, పాపం వాళ్లకు తెలియకుండానే, ఆ డ్రమ్ము దెబ్బకు పడటం మొదలైంది. మా ఆయన తల ఆ దెబ్బకే అటూ ఇటూ కదులుతోంది. అది చూశాక నాకు ఇంక వేరే ఏమీ కనబడలేదు.

జనంలోకి దూసుకుపోయాను. "అయ్యో, ఎవరామె? పట్టుకోన్రి, అపశకునం!" అని పెళ్లివాళ్లలో ఒకావిడ నా కొంగు లాగింది. లాక్కోనీ అనుకున్నాను. పెద్ద డ్రమ్ము ముందుకెళ్లి రెండు అరచేతులూ దాని తోలుకు ఆనించాను. ఒక దెబ్బ నా వేళ్ల మీద పడింది. తరువాత ఆగింది. దాంతో మిగతా డ్రమ్ములూ ఆగాయి.

అతను నన్ను చూశాడు. నా వెనక వెళ్తున్న పాడెను చూశాడు.

"ఎవరు చెప్పలె వదినా," అన్నాడు. "నాకెవరు చెప్పలె."

రోడ్డంతా నిశ్శబ్దమైంది. పాడె మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా నేను చేతులు తీయలేదు. పెళ్లివాళ్లు తిడుతున్నారని తెలుస్తోంది కానీ మాటలు చెవికెక్కలేదు.

"ఇగ కొట్టుకోన్రి," అన్నాను.

నేను సందులోకి తిరిగి, మెట్లెక్కి గదిలోకి వచ్చేసరికి మళ్లీ మొదలుపెట్టారు. పెళ్లి పెళ్లే కదా, ఎలా మానుతారు? చాప మీద కూర్చుని నేలకు అరచేయి ఆనించాను. చెవికి డ్రమ్ములు వినిపిస్తూనే ఉన్నాయి. చాప కింద మాత్రం ఏమీ లేదు.