కామాక్షమ్మగారి తెరిపి

నేను కూర్చునే నెట్ సెంటరు పైకప్పు రేకులది. వాన పడుతున్నంతసేపూ లోపల ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆ మోత ఉన్నట్టుండి ఆగిపోతుంది. చూరు నుంచి జారే బొట్లు తప్ప మరేమీ వినిపించని ఆ నిమిషంలో నా గొంతు తనంతట తాను సర్దుకుంటుంది, పాడబోయేవాడి గొంతులా. జిరాక్సుకు కాగితాలు పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాళ్ళు నేనేదో చెప్పబోతున్నాననుకుని నా వైపు చూస్తారు. నేనేమీ చెప్పను. వానకూ వానకూ మధ్య వచ్చే ఈ విరామాన్ని తెరిపి అంటాం. దానికి నా గొంతుతో ఏం సంబంధమో తెలియాలంటే, మీరెన్నడూ చూడని ఒక మనిషి గురించి చెప్పాలి.

చీపురుపల్లి దగ్గర మాదొక చిన్న దివాణం. నేను పుట్టేనాటికి సింహద్వారమూ, దాని మీద చెవులు విరిగిన రెండు సున్నపు సింహాలూ మిగిలాయి. ఎవరి ముందూ నడుం వంచకూడదన్న పెంపకం మాత్రం చెక్కుచెదరకుండా నా దాకా వచ్చింది. విజయనగరంలో సెట్టిగారి నెట్ సెంటరులో ఉద్యోగానికి చేరాక కూడా తెల్లచొక్కా ఇస్త్రీ నలగకుండా నిటారుగా కూర్చునేవాణ్ణి. సెట్టిగారు అందరి ముందూ, "బాబుగారూ, తమరు కాస్త శ్రమ తీసుకుని ఆ ప్రింటరులో కాగితం పెడతారా?" అనేవారు. అందులో వెటకారం ఎంతో మర్యాద ఎంతో నేను తూకం వేయలేదు. మర్యాదగానే పుచ్చుకున్నాను. వచ్చినవాళ్ళకు లేచి నిలబడే అలవాటు నాకు లేదు. కామాక్షమ్మగారు వచ్చినప్పుడూ లేవలేదు.

అవి రెండువేల పది ప్రాంతపు రోజులు. అరవై దాటిన మనిషి, నేత చీర, చేతిలో గొడుగు. నా పేరు అడిగి, ఇంటిపేరు కూడా అడిగి, గోడవారనున్న ప్లాస్టిక్ కుర్చీ తనే లాక్కుని కూర్చున్నారు.

"మా నాన్నగారు మీ తాతగారి దివాణంలో పాడేవారు బాబూ. కచేరీ అయ్యేదాకా ఒక్కరూ కూర్చోమనలేదుట. నేను చూడండి, మీరు అనకుండానే కూర్చున్నాను" అని నవ్వారు.

ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఆవిడ తన పాఠాలు కంప్యూటరులో పెట్టించుకోవడానికి వచ్చారు. శ్రీకాకుళం నుంచీ, రాజాం నుంచీ పిల్లలు సంగీతం నేర్చుకోవడానికి బస్సుల్లో వచ్చి పోతున్నారట. వాళ్ళు ఇళ్ళ దగ్గరే ఉండి నేర్చుకునే దారి ఏదైనా ఉందా అని అడిగారు. వెబ్‌సైటు కడతానన్నాను. "పాఠం రానివాడు పాఠం ఎలా కడతాడు? ముందు నేర్చుకోండి" అన్నారు.

అలా ముప్ఫయ్యేళ్ళు దాటాక నేను ఆవిడ ఎదుట చాప మీద కూర్చున్నాను. ఆవిడ పద్ధతి ఇదీ. ఒక వరస పాడతారు, ఆగుతారు. ఆగినప్పుడు తొడ మీద తాళం మాత్రం నడుస్తుంది. ఆ ఖాళీ విద్యార్థిది. అందులో వాడు పాడాలి. దానికి ఆవిడ పెట్టుకున్న పేరు తెరిపి. తెరిపి అన్నిచోట్లా ఒకే నిడివి ఉండదు. సులువైన వరసకు వెంటనే అందుకునేవారు. కష్టమైన చోట ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, ఎక్కువ ఆగేవారు, పిల్లవాడు తప్పు పాడి, తనే విని, తనే దిద్దుకునేందుకు. ఆ అదనపు ఆవర్తం ఎక్కడెక్కడ ఇవ్వాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. అది ఆవిడ చేతికే తెలుసు.

నాకు ఆగడం రాదు. ఆవిడ వరస ముగియకముందే అందుకునేవాణ్ణి.

"ఏటి బాబూ ఆ తొందర? నేను ఆగేనంటే నీ వంతు అని. ఆగకముందే దూకుతావేం? మీ వంశంలో ఎదటివాళ్ళు చెప్పింది పూర్తిగా విన్నవాళ్ళు లేరా?" అనేవారు. మీరు అనే మాట ఎప్పుడు నువ్వుగా మారిందో గమనించలేదు. ఇంకెవరు అలా పిలిచినా ఊరుకునేవాణ్ణి కాను.

ఒకసారి నా వెన్ను మీద గొడుగు ఆనించి, "ఇది మాత్రం బాగుంది. నిటారుగా ఉంది. పాటకి ఇదే కావాలి. చెవులొక్కటే వంచు" అన్నారు.

మా ఇంట్లో నాకు ఇచ్చిన ఒకే ఒక్క ఆస్తిని ఏదైనా పనికి వాడుకోవచ్చని నాకు చెప్పిన మొదటి మనిషి ఆవిడే.

పాఠాలు తయారవుతుండగా ఆవిడ గొంతులో జబ్బు బయటపడింది. స్వరపేటిక తీసేయాలన్నారు విశాఖపట్నం డాక్టర్లు. ఆపరేషనుకు ముందు కొన్నాళ్ళు గడువు దొరికింది. ఆ రోజుల్లో ఆవిడ ఏడవడం నేను చూడలేదు. సరళి వరసల నుంచి గీతాల దాకా మొత్తం పాడి పెట్టారు. ఫ్యాను చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపించారు, కిటికీలు మూయించారు. చెమటతో జాకెట్టు తడిసిపోతున్నా ఒక్క తెరిపి కూడా కుదించలేదు. ఎదురుగా విద్యార్థి ఎవరూ లేరు. ఉన్నట్టే గోడను చూస్తూ, కష్టమైన చోట ఒక ఆవర్తం ఎక్కువ ఆగుతూ, తొడ మీద తాళం వేశారు. ఇంట్లో పనిచేసే పైడమ్మ గుమ్మం దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. "బావూ, అమ్మగోరి గొంతు నీ పెట్టెలో బద్రంగా ఉంటాదా?" అని అడిగింది. ఉంటుందన్నాను.

ఆపరేషను తరవాత ఆవిడకు మాట లేదు. పలకా బలపమూ పెట్టుకున్నారు. కానీ పాఠాలు ఆగలేదు. నేను కట్టిన పాఠంలో తెర మీద చిన్న దీపం బొమ్మ ఉండేది. ఆవిడ గొంతు వరస పాడి ఆగగానే దీపం వెలిగేది, వెలిగినంతసేపూ పిల్లలు పాడాలి. అది ఆరగానే మళ్ళీ ఆవిడ గొంతు. రాజాం, శ్రీకాకుళం పిల్లలు వెబ్‌సైటు తెరిచి ఇళ్ళ దగ్గరే పాడుకునేవారు. ఇంటికి వచ్చిన పిల్లలు కంప్యూటరు చుట్టూ చాపల మీద కూర్చునేవారు. ఆవిడ పక్కన కూర్చుని, తన గొంతుకు తనే తాళం వేసేవారు. తప్పు పాడినవాడి మోకాలి మీద వేలితో కొట్టేవారు. చూస్తే అది పాఠంలాగే ఉండేది. ఆవిడ ఇంకా పంతులమ్మే.

ఆ దీపమూ, ఆ ఆగడమూ నడవాలంటే బ్రౌజరుకు పక్కన తగిలించే చిన్న ప్రోగ్రాము ఒకటి కావాలి. ప్లగిన్ అంటారు. నేను నేర్చుకున్న రోజుల్లో అందరూ దానితోనే కట్టేవారు. ఫోన్లు వచ్చాక ముందు అవి దాన్ని పట్టించుకోవడం మానేశాయి. తరవాత కంప్యూటరు తెర మీద పసుపుపచ్చ పట్టీ ఒకటి కనిపించసాగింది, ఈ పాత ప్రోగ్రామును అనుమతించమంటారా అని. అనుమతించాం. మరికొన్నాళ్ళకు అడగడం కూడా మానేసింది. ఒక ఉదయం కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు చాప మీద సర్దుకుని కూర్చున్నాక కామాక్షమ్మగారు మౌసు నొక్కారు. దీపం ఉండవలసిన చోట బూడిదరంగు చదరం ఒకటి వచ్చింది. మళ్ళీ నొక్కారు. శ్రుతిపెట్టె మోగుతూనే ఉంది. పిల్లలు పాడటానికి నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు.

పైడమ్మ పరుగెత్తుకుంటూ సెంటరుకి వచ్చింది. "బావూ, పెట్టె పలకనేదు. అమ్మగోరు దాన్నే సూస్తా కూకున్నారు. ఏటయినాదో రా!"

నేను పాత బ్రౌజరును వెతికి పట్టుకుని మళ్ళీ ఎక్కించాను. అది తనంతట తాను కొత్తది కాకుండా అప్‌డేట్ మీటలన్నీ ఆపాను. పాఠాలన్నీ ఆ యంత్రంలోకే దింపి, నెట్ వైరు పీకేసి, తెర అంచున కాగితం అంటించాను: వైరు పెట్టరాదు. దీపం మళ్ళీ వెలిగింది. ఊళ్ళవాళ్ళ సంగతి మాత్రం అయిపోయింది. రాజాం పిల్లలు మళ్ళీ బస్సెక్కవలసి వచ్చింది, కొందరు మానేశారు. ఎవరూ తెరవలేని వెబ్‌సైటును కొన్నాళ్ళకు నేనే మూసేశాను. ఇక ప్రపంచం మొత్తం మీద ఆవిడ గొంతు పలికేది ఆ ఒక్క గదిలో, ఆ ఒక్క పాత యంత్రంలో. కామాక్షమ్మగారు పలక మీద రాశారు: "మీ సింహద్వారంలాగే నేనూ ఒక్కదాన్నే మిగిలేను." రాసి, నా మొహం చూసి, నవ్వారు. చప్పుడు లేని నవ్వు.

ఆవిడ మేనల్లుడు ప్రసాదు విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మంచివాడు, మేనత్త అంటే ప్రాణం. మా నాన్నగారి ఆబ్దికానికి నేను శ్రీకూర్మం వెళ్ళిన రెండు రోజుల్లో వచ్చాడు. అత్తయ్య పాఠాలు ఫోన్లో వినిపించేలా చేసి, ఆవిడను సంతోషపెట్టాలనుకున్నాడు. యంత్రంలోంచి ఆవిడ గొంతు మాత్రం తీశాడు. మధ్యలో ఏ శబ్దమూ లేని చోట్లు చాలా కనిపించాయి. రికార్డింగులో లోపం అనుకున్నాడు. అవన్నీ కత్తిరించి అతికాడు. పాత యంత్రం నిండా చెత్త ఉందని మొత్తం తుడిచి, కొత్తగా సర్ది, నా కాగితం పీకి, వైరు పెట్టాడు.

నేను వచ్చేసరికి ఫోను గూట్లో పెట్టి వినిపిస్తున్నాడు. కామాక్షమ్మగారి గొంతు సరళి వరసలు ఒకదాని మీద ఒకటి, ఊపిరి లేకుండా పరిగెడుతోంది. ఆవిడ అలవాటుగా తొడ మీద చెయ్యి వేశారు. తెరిపి రాలేదు. చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"ఎలా ఉందత్తా? ఇప్పుడు చక్కగా వస్తోంది కదా, ఎక్కడా ఆగకుండా" అన్నాడు ప్రసాదు.

ఆవిడ పలక తీసుకుని రాశారు: "పిల్లలు ఎక్కడ పాడాలి?"

వాడికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్రాడు ఫోను ఆపి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడే వాడి తల నిమిరారు. మా ఇంటికి వెళ్ళి, ఆ పాఠాల నకళ్ళు నేను దాచుకున్న సీడీలన్నీ తెచ్చాను. వాటి వెనక చెమ్మకు బూజుమచ్చలు పట్టాయి. ఏదీ తెరుచుకోలేదు. పైడమ్మ నన్ను ఏమీ అనలేదు. "బద్రంగా ఉంటాదన్నావు" అని కూడా అనలేదు.

మిగిలింది కత్తిరించిన గొంతు ఒక్కటే. దానికి తెరిపి తిరిగి పెట్టాలి. రోజూ సాయంత్రం సెంటరు మూశాక ఆవిడ ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఈసారి ఏ ప్లగిన్ జోలికీ పోలేదు. దీపం లేదు, బొమ్మ లేదు. ఎందులోనైనా వినిపించే మామూలు పాట చేయాలనుకున్నాను. ఒక వరస వినిపించి ఆపుతాను. ఆవిడ నా ముంజేతి మీద తాళం వేస్తారు. నేను ఆ ఖాళీలో పాడతాను. ఆవిడ చెయ్యి ఎత్తిన చోట తెరిపి ముగుస్తుంది. అంత నిశ్శబ్దాన్ని కొలిచి అతుకుతాను. కొన్నిచోట్ల నేను పాడేసినా ఆవిడ చెయ్యి ఎత్తేవారు కాదు. మరో ఆవర్తం నడిచేది. అప్పుడు నా పాటలో తప్పు నాకే వినిపించేది. అన్నేళ్ళూ చాప మీద కూర్చుని నేర్చుకోలేనిది, ఆవిడకు గొంతు పోయాక, నా చేతి మీద నేర్చుకున్నాను.

సరళి వరసలు అయ్యాయి. జంట వరసలు అయ్యాయి. అలంకారాల నడుమకు వచ్చేసరికి ఆవిడ చెయ్యి బరువు తగ్గింది. ఒకరోజు సగంలో ఆపి, పలక మీద "రేపు" అని రాశారు. ఆ రేపు ఆస్పత్రిలో తెల్లవారింది. మంచం పక్కన కూర్చున్నాను. నా చెయ్యి ఆవిడ అరచేతి కింద పెట్టాను. వేళ్ళు రెండుసార్లు కదిలాయి. మూడోసారి కోసం చాలాసేపు చూశాను. పైడమ్మ వచ్చి నా భుజం పట్టుకుని, "నెగు బావూ" అంది. నేను లేచి నిలబడ్డాను. నిటారుగానే నిలబడ్డాను. ఆవిడకు నచ్చింది అదొక్కటే కదా.

పూర్తయిన పాఠాలు ఇప్పుడు ఎవరి ఫోనులోనైనా వస్తాయి. పెట్టినవాడు ప్రసాదే. ఒక్క క్షణం కూడా కత్తిరించలేదు. రాజాం నుంచి ఒకమ్మాయి, "మధ్యలో చాలాసేపు ఏమీ వినపడట్లేదండీ, పాడయిందా?" అని అడిగిందట. "అది నీదమ్మా" అని చెప్పాడట. మిగిలిన అలంకారాలూ గీతాలూ నా దగ్గరే ఉన్నాయి, అప్పట్లో ప్రసాదు కత్తిరించి అతికినవి అతికినట్టు. తాళం లెక్కన ఖాళీలు నేనూ పెట్టగలను. కానీ ఎక్కడ ఒక ఆవర్తం ఎక్కువ ఆగాలో నాకు తెలియదు. తెలిసినట్టు పెట్టడం నా వల్ల కాదు.

సెంటరులో ఎవరైనా గొడవకు వచ్చినప్పుడు వాళ్ళు చెప్పింది పూర్తయ్యేదాకా వింటాను. పూర్తయ్యాక కూడా కాసేపు ఆగుతాను. చాలామంది ఆ కాసేపట్లో తమంతట తామే తగ్గుతారు. సెట్టిగారికి ఇది వింతగా ఉంటుంది. "బాబుగారు మారిపోయారు" అంటారు.

ఇవాళ మధ్యాహ్నం వాన ఆగినప్పుడు సెంటరులో ఎవరూ లేరు. ఆ అతికిన గీతాల్లో మొదటిది పెట్టాను. మొదటి వరస ముగియగానే, రెండోది అందుకునే లోపల, నేనే ఆపాను. పాడాను. ఎంతసేపు ఆగాలో ఆవిడ చెప్పి వెళ్ళలేదు. అందుకని, రేకుల మీద వాన మళ్ళీ మొదలయ్యేదాకా ఆగాను.