గంటకు తొమ్మిది కిలోలు

జూన్ నెల. ఉదయం ఐదున్నరకు నరసాపురం రోడ్డులోని రొయ్యల ఫ్యాక్టరీ గేటు దగ్గర సూపర్‌వైజరుగా రిపోర్టు చేశాను. బయట ఉక్కపోత, లోపల ఐసు. పదిహేడేళ్లు సైన్యంలో చేసి వచ్చినవాణ్ణి కాబట్టి మీరంతా సరిహద్దు గురించే అడుగుతారు. నన్ను వదలని డ్యూటీ మాత్రం ఆ ఫ్యాక్టరీదే. పదకొండు నెలలు.

కిట్టు: గమ్ బూట్లు, తెల్ల టోపీ, వాకీటాకీ, జవాన్ల పరుగు కొలిచిన నా పాత స్టాప్‌వాచ్. మేనేజరు ఆర్డరు ఒక్కటే. "ఎవరు గంటకెంత వలుస్తున్నారో కొలవండి. తర్వాత పెంచండి."

అప్పగించిన పనిలో నమ్మకంగా ఉండాలని మా ఊరి చర్చి సంఘంలో నేర్చుకున్నవాణ్ణి. మా సంఘం పిల్ల కరుణను ముందు కొలిచాను. హాల్లో అందరికన్నా చురుకు.

"దేవుడు చూస్తున్నాడమ్మా. దాచుకోకుండా చెయ్యి."

దాచుకోలేదు. గంటకు తొమ్మిది కిలోలు.

"బాగా చేశానాండి, మిలటరీ గారూ?"

"బాగా చేశావు."

మర్నాటి నుంచి అందరికీ అదే లెక్క. మూడు రోజులు తగ్గితే గేటు బయటికే.

కరుణ పక్కనే ఆమె అక్క మార్తమ్మ. వాతంతో వేళ్లు వంకర తిరిగాయి. ఏడు కిలోలు దాటలేదు.

"నీ చెల్లెలు మా కొంప ముంచిందే," అంది ఎదుటి వరుసలో ఒకావిడ.

"పరుగుపందెం అనుకుందిలే పాపం," అంది మార్తమ్మ.

రెండు రోజులు తగ్గింది. మూడోరోజు కాటాలో సరిగ్గా తొమ్మిది తూగింది. నాకు అనుమానం వచ్చి స్తంభం వెనక నిలబడ్డాను. కరుణ వలిచిన రొయ్యల్ని రెండు వేళ్లతో తీసి, తల తిప్పకుండా, అక్క అరచేతిలో పెడుతోంది.

వాకీటాకీ నొక్కాను. "సర్, చెల్లెలు గంటకు రెండు కిలోలు అక్కకిచ్చేస్తోంది. తన లెక్క తొమ్మిదీ చూపిస్తోంది. ఓవర్."

"అంటే పదకొండు వలుస్తోందన్నమాట. మీ పిల్ల బంగారమండి. రేపట్నుంచి లెక్క పదకొండు చెయ్యండి. అక్కని పంపెయ్యండి."

"రోజర్."

"చేతులు కడుక్కుని వెళ్తానండి," అంది మార్తమ్మ.

వాచ్ చూశాను. "రెండు నిమిషాలు."

ఆ వారం గేటు దాకా మరో పద్నాలుగు మందిని నేనే నడిపించాను. కాంట్రాక్టు గడువు పూర్తయ్యాక మా ఊరొచ్చాను. మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అందరికీ రొట్టె పంచే ఆరాధన. సంఘ పెద్దగా రొట్టె పళ్లెం నా చేతిలో ఉంది. ఆ అక్కచెల్లెళ్లు ఒకే చాప మీద కూర్చున్నారు. మార్తమ్మ వంకర వేళ్లకు ముక్క చిక్కలేదు. కరుణ రెండు వేళ్లతో తీసి, తల తిప్పకుండా, అక్క అరచేతిలో పెట్టింది.

ఇప్పటికీ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే ఆ చెయ్యే కనిపిస్తుంది. పళ్లెం అంచున స్టాప్‌వాచ్ నొక్కినట్టు బిగిసిన నా బొటనవేలూ కనిపిస్తుంది.