బుడాన్ వయొలిన్లు

బుడాన్‌కి నిశ్శబ్దం పడదు. కొందరికి వంకాయ పడదు, కొందరికి బావమరిది పడడు. బుడాన్‌కి మాత్రం తెర వెనక వాయిద్యం మోగకుండా నాలుగు క్షణాలు గడిస్తే ఒళ్ళంతా దద్దుర్లే.

ఒంగోలు రోడ్డు పక్కన రేకుల సినిమా హాల్లో అతను ఆపరేటరు. తెలుగు బొమ్మలతో అతనికి పేచీ లేదు. హీరోయిన్ తుమ్మినా ముప్ఫై వయొలిన్లు లేచి కూర్చుంటాయి. చిక్కంతా తెలుగు మాటలు అతికించిన ఇంగ్లీషు బొమ్మలతోనే. వాళ్ళు ముద్దు పెట్టుకున్నా చప్పుడుండదు, చచ్చినా చప్పుడుండదు.

ఆటకి ముందు పాటలు వేసే టేప్‌రికార్డరు, బొమ్మ తిప్పే మిషను పక్కనే ఉండేది. దానికోసం బుడాన్ మూడు క్యాసెట్లు తయారుచేశాడు: సరసం, తన్నులు, ఏడుపు. మొసలి నోరు తెరిస్తే డప్పులు. దొర దొరసాని నడుం పట్టుకుంటే వేణువు. ఓడ మునుగుతుంటే నాదస్వరం వేసిన వారం, ఆ వింత వినడానికి తాడేపల్లి నుంచి రెండు లారీల జనం దిగారట. ఈ మాట చెప్పింది గేటు దగ్గర టిక్కెట్లు చించే జయరావు. పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పి చదువుకి దండం పెట్టిన మనిషి. జయరావు ఎన్ని లారీలు చెప్పినా ఒకటి తీసేసి వినడం ఊళ్ళో అలవాటు.

"అన్నా, ఇంగ్లీషోడు చావుకి వయొలిన్ ఎందుకు పెట్టడంటావ్?" అని జయరావు గిల్లేవాడు.

"పిసినారోడు గనక."

"వయొలిన్ వాళ్ళదే గదన్నా!"

"వాళ్ళదే. ఏడవటం మనకొదిలేశారు."

ఒక్కటే లోపం. సరసం క్యాసెట్టు అర నిమిషంలో ఆపేసేవాడు గానీ, ఏడుపు క్యాసెట్టు ఆపడం బుడాన్‌కి చేతకాదు. తెర మీద శవాన్ని పూడ్చేసి, పెళ్ళాం ఇంకొకణ్ణి కట్టుకుని గుర్రమెక్కి పోతున్నా వయొలిన్లు కుళ్ళి కుళ్ళి ఏడుస్తూనే ఉండేవి. "ఆపరేటరు నిద్దరపోయాడ్రోయ్!" అని జనం నవ్వేవారు. అందరికంటే గట్టిగా జయరావే నవ్వేవాడు.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో ఒక ఇంగ్లీషు బొమ్మ రీళ్ళ డబ్బాలతో పాటు, గుంటూరు నుంచి ప్రేమ్‌చంద్ దిగాడు. బొమ్మ పంపిన కంపెనీ మనిషి. మొదటి ఆట సగంలోనే ఆపరేటరు గదిలోకి దూసుకొచ్చి మూడు క్యాసెట్లూ జేబులో వేసుకున్నాడు.

"ఇంకోసారి పీపీ వినబడిందంటే డబ్బాలు ఎత్తుకుపోతా. నీ ఉద్యోగం కూడా పట్టుకుపోతా. మౌనం కూడా సంగీతమేనయ్యా! చూసేవాళ్ళు ఊహించుకోవాలి."

"మావాళ్ళకి ఊహించుకోడానికి ఏం మిగల్లేదండీ," అన్నాడు బుడాన్. "అన్నీ చూసేశారు."

మర్నాడు మ్యాట్నీ. ప్రేమ్‌చంద్ కాపలాకి బాల్కనీలో కూర్చున్నాడు. తెర మీద, వానలు మొహం చాటేసిన దేశంలో ఒక తెల్ల రైతు మంచం మీద కన్నుమూశాడు. పెళ్ళాం పక్కన కూర్చుని చూస్తోంది. మాట లేదు, మద్దెల లేదు. హాల్లో ఫ్యాన్ల కీచు ఒక్కటే.

అప్పుడు ఆడవాళ్ళ బెంచీల్లోంచి ఏదో గొంతుకడ్డం పడ్డట్టు ఒక చప్పుడు లేచింది. జయరావు టార్చి వేశాడు. వీరమ్మ. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు ఆపుకుంటోంది. ముందు వరసల తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరుగుతున్నాయి.

రెండేళ్ళ కిందట వీరమ్మ మొగుడు సాల్మన్ కౌలు పత్తికి పదిహేనుసార్లు మందు కొట్టాడు. పురుగుకి పనిచేయలేదు. డబ్బాలో మిగిలింది సాల్మన్‌కి మొదటిసారే పనిచేసింది. ఇంట్లో ఏడిస్తే పిల్లలు బెదిరిపోతారు. మిరప కళ్ళంలో అందరి కళ్ళూ కారేవే కనక ఎంత ఏడ్చినా ఎవరూ అడగరు గానీ, కళ్ళం ఏడాదికి రెండు నెలలే. మిగతా పది నెలలకీ ఆమెకున్నది మ్యాట్నీ.

జయరావు టార్చి ఆర్పి పైకి చూశాడు. ఆపరేటరు గది కన్నంలో బుడాన్ మొహం. తెర వైపు కాదు, ఆడవాళ్ళ బెంచీల వైపు చూస్తోంది. ఏడుపు క్యాసెట్టు ఏ రోజైనా ఎప్పుడు ఆగేదో జయరావుకి గుర్తొచ్చింది. వీరమ్మ ముక్కు తుడుచుకున్నాక. మూడుసార్లు తప్పిన బుర్రకి మొదటిసారి ఒక లెక్క తేలింది.

రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. "ఒరేయ్ ఆపరేటరూ! సౌండేదిరా!"

అంతే. నేల టిక్కెట్టు మొత్తం లేచింది. "సౌండ్! సౌండ్!" బెంచీలు చరిచారు, రేకులు దద్దరిల్లాయి. ఆ గోల కింద వీరమ్మ నోట్లోంచి కొంగు తీసి, గొంతు విప్పి ఏడ్చింది. ఒక్క తలా అటు తిరగలేదు.

ప్రేమ్‌చంద్ చెమటలు కక్కుకుంటూ పైకి పరిగెత్తాడు. "మిషనుకేమైందయ్యా?"

"బాగానే ఉందండీ. మౌనం వస్తోంది."

"బెంచీలు విరగ్గొట్టేటట్టున్నారు! ఏదోటి పెట్టవయ్యా బాబూ!" క్యాసెట్లు చేతిలో కుక్కాడు.

"ఏది పెట్టమంటారు? సరసమా?"

"ఏడుపయ్యా, ఏడుపు!"

బుడాన్ మీట నొక్కాడు. ఆ రోజు వయొలిన్లు బొమ్మ అయిపోయి, తెర తెల్లబడ్డాక కూడా మోగాయి.

గేటు దాటుతూ వీరమ్మ ఆగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఇయ్యాల వయొలిన్లు అంత ఆలస్యమైనయ్యేందిరా జయరావూ?"

"లండన్ నుంచి రావాల గదక్కా. రెండు లారీలు!"

"ఒకటి తీసెయ్," అని నవ్వి, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది.